థియేటర్ గుమ్మం దాటాక

చెన్నై సెంట్రల్‌లో దిగి రోడ్డు దాటితే ఎదురుగానే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి. స్కానింగ్ కవర్లు చంకన పెట్టుకుని నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేటల నుంచి వచ్చే మనవాళ్లకు ఆ దారి కొత్త కాదు. కొత్తదల్లా ఆపరేషన్ థియేటర్ గుమ్మం దాటాక మొదలయ్యే భయం. గాజులు, కళ్లజోడు, ఫోను అన్నీ బయటివాళ్ల చేతికిచ్చేసి, ఒంటరిగా బల్ల మీద పడుకోవాలి. వెన్నులో మత్తు సూది పడ్డాక నడుము కింద స్పర్శ పోతుందే తప్ప మెలకువ పోదు. పరికరాల చప్పుడు, అర్థంకాని తమిళం మాటలు చెవిన పడుతూనే ఉంటాయి. ‘ఒణ్ణుం ఆగాదుమ్మా’ (ఏమీ కాదమ్మా) అంటుంది నర్సు. ఆమె దయ తెలుస్తుంది, గుండె దడ మాత్రం తగ్గదు.

ఆ దడను పాట తగ్గించగలదు. ఆపరేషన్‌కు ముందు సంగీతం వినడంపై 26 ప్రయోగాలను, 2,051 మంది రోగులను పరిశీలించిన కాక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి తూచే సంస్థ) సమీక్ష 2013లోనే ఆందోళన తగ్గుతుందని చెప్పింది. 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన మరో సమీక్ష 73 ప్రయోగాలను చూసి, ఆపరేషన్ తర్వాత నొప్పి, నొప్పిమందుల వాడకం కూడా తగ్గాయని తేల్చింది. ఏ సంగీతమైనా ఫలితంలో పెద్ద తేడా లేదని కూడా అందులో ఉంది.

అయినా పాటను రోగే ఎంచుకోవాలని మేం గట్టిగా కోరుతున్నాం. అమెరికాలోని పెన్సిల్వేనియాలో నరానికి మత్తు ఇచ్చేముందు 157 మందిలో కొందరికి ఆందోళన తగ్గించే మిడజోలమ్ మందు, కొందరికి వైద్యులు ఎంచిన ఒకే సంగీతం ఇచ్చారు. 2019లో ఫలితాలు వచ్చాయి. ఆందోళన రెండు వర్గాల్లోనూ దాదాపు ఒకేలా తగ్గింది. సంతృప్తి మాత్రం మందు తీసుకున్నవారిలోనే ఎక్కువ. బయటి శబ్దాన్ని పూర్తిగా ఆపే హెడ్‌ఫోన్ల వల్ల డాక్టరు మాట వినడమూ కష్టమైంది. అన్నీ ఇతరుల చేతుల్లో ఉన్న ఆ వేళ, పాటైనా తన ఇష్టం కాకపోతే ఎలా?

ఫలానా రాగం ఫలానా జబ్బును నయం చేస్తుందనే ప్రచారాన్ని దీనితో కలపకూడదు. ఆ మాట నమ్మి మందు మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఇక్కడ పాట పని భయం తగ్గించడం వరకే. శిక్షణ పొందిన సంగీత చికిత్సకులు రోగితో కూర్చుని చేసే పని వేరు, హెడ్‌ఫోన్లో పాట పెట్టడం వేరు. మొదటిది అన్ని ఆసుపత్రులకూ ఇప్పుడే సాధ్యం కాకపోవచ్చు. రెండోదానికి సాకు లేదు.

మార్గళి (ధనుర్మాసం) కచేరీల్లో తెలుగు కీర్తనకు తలూపే నగరమిది. ఇక్కడి ఆసుపత్రులు చేర్చుకునే ఫారంలో ‘ఏ మందు పడదు?’ అన్న ప్రశ్న కింద ‘ఏ పాట వింటారు?’ అని ఇంకో ప్రశ్న చేర్చాలి. అది కీర్తన కావచ్చు, పాత సినిమా పాట కావచ్చు, మనవరాలు ఫోన్లో పాడి పంపిన పాటా కావచ్చు. లోపలికి వెళ్లాక డాక్టరు మాట వినబడేలా ఒక చెవి వదిలేయాలి, మనిషి మారినప్పుడల్లా చెవి తొడుగు మార్చాలి. ముందుగా, ఆకుపచ్చ గౌన్లు తొడిగి వరుసగా కూర్చోబెట్టే గదిలో మొదలుపెట్టాలి. పేరు పిలిచేదాకా గోడ గడియారం చూస్తూ వణికేది అక్కడే.