పోపుగారి జమాఖర్చులు

మొదటి గ్రెగొరీ పోపు అనగానే చాలామందికి గ్రెగొరియన్ గానం, అంటే కాథలిక్ చర్చిలో పాడే ప్రార్థనా గానం, గుర్తొస్తుంది. ఆ గానం ఇప్పుడున్న రూపానికి వచ్చింది చాలావరకు ఆయన పోయాకే. క్యాలెండర్ గ్రెగొరీ అయితే అసలు ఈయన కాదు, దాదాపు వెయ్యేళ్ల తర్వాతి పదమూడో గ్రెగొరీ. నన్నడిగితే, ఈయన్ని గొప్పవాడనడానికి సిసిలీ పొలాల గురించి రాసిన ఉత్తరాలు చాలు.

590లో ఆయన పోపు అయ్యేనాటికి రోమ్ కష్టాల్లో ఉంది. అంతకుముందు ఏడాది టైబర్ నది పొంగి చర్చి ధాన్యపు కొట్లు నాశనమయ్యాయి. వెంటనే వచ్చిన ప్లేగు ముందరి పోపు రెండో పెలాగియస్‌ను పొట్టన పెట్టుకుంది. ఇటు ఇటలీలోకి చొరబడ్డ లొంబార్డుల బెడద, అటు చక్రవర్తి ఉండే కాన్‌స్టాంటినోపుల్ నుంచి అంతంతమాత్రపు సాయం. ఒకప్పుడు నగరాధికారిగా చేసి, సొంతింటినే మఠంగా మార్చి సన్యాసం పుచ్చుకున్న మనిషి మళ్లీ లెక్కల్లో పడ్డాడు.

ఊరి కడుపు నిండాలంటే సిసిలీ ధాన్యం రావాలి. అక్కడి చర్చి భూములు చూసే పీటర్ అనే సబ్‌డీకన్‌కు (చర్చిలో ఓ చిన్న హోదా) 591లో పెద్ద ఉత్తరం రాశాడు. పంట బాగా పండిందని రైతుకు ధర తగ్గించొద్దు, బజారు ధరే ఇవ్వాలి. రైతు దగ్గర ధాన్యం కొలిచి తీసుకునే కొలపాత్ర 18 సెక్స్‌టారియస్‌లు (ఆనాటి రోమన్ కొలత) దాటకూడదు. రైతు ఇంట పెళ్లయితే వసూలు ఒక బంగారు నాణేనికి మించకూడదు, పేదవాడైతే ఇంకా తక్కువ. నాకు బాగా నచ్చింది దీని తర్వాతి మాట: ఈ ఆజ్ఞలను ప్రతి ఎస్టేట్‌లోనూ రైతులకు చదివి వినిపించి, నకళ్లు వాళ్ల చేతికే ఇవ్వమన్నాడు. రేపు గుమాస్తా దబాయిస్తే చూపించడానికి వాళ్ల దగ్గర కాగితం ఉంటుందన్నమాట. తన మనుషుల మీదే కౌలుదార్లు తిరగబడేందుకు ఆధారాన్ని యజమానే ఇవ్వడం ఏ కాలంలోనైనా అరుదే.

అదే పీటర్‌కు ఇంకో ఉత్తరంలో చురక వేశాడు: నువ్వు పంపింది ఒక పనికిరాని గుర్రం, ఐదు మంచి గాడిదలు. గుర్రం బాగోలేదు కాబట్టి ఎక్కలేను, గాడిదలు గాడిదలు కాబట్టి ఎక్కలేను.

అలాగని ఆకాశానికెత్తేయక్కర్లేదు. 595లో ఇద్దరు చర్చి బానిసలను విడుదల చేస్తూ, ప్రకృతి మనుషుల్ని స్వతంత్రులుగానే పుట్టించిందని రాశాడు. మరి చర్చి పొలాల్లో మిగిలిన బానిసలు? భూమికి కట్టుబడ్డ రైతులు? కొలపాత్ర సరిచేశాడు కానీ ఆ కట్టు విప్పలేదు. రాసింది ఆయనే, భూములూ ఆయన అధీనంలోనివే. ఈ ప్రశ్న ఆయన్ని అడగడంలో తప్పేమీ లేదు.