రెండూ రెండూ ఐదు: ఒక సమర్థన

కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ నుంచి యూనివర్సిటీ కెమికల్ ఇంజినీరింగ్‌లోకి మారే పద్ధతిని సంస్కరించాలని అప్పుడప్పుడు కొన్ని గొంతులు లేస్తుంటాయి. వాటిని నేను గట్టిగా ఖండిస్తున్నాను. ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు ఉంచాలి. వీలైతే ఇంకో చుట్టు బిగించాలి.

కాస్త చరిత్ర. 1960లో ఆ రాష్ట్రం ఉన్నత విద్యకి ఒక మాస్టర్ ప్లాన్ రాసుకుంది. అప్పటి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ప్రెసిడెంట్ క్లార్క్ కెర్ దానికి పెద్ద దిక్కు. హైస్కూల్లో పై ఎనిమిదో వంతుకి యూసీ, పై మూడో వంతుకి స్టేట్ కాలేజీలు, మిగతా అందరికీ కమ్యూనిటీ కాలేజీ. అక్కడ రెండేళ్లు చదివి యూనివర్సిటీలో మూడో ఏడాదిలో చేరొచ్చు. కాగితం మీద రెండూ రెండూ నాలుగు. ఇప్పుడు అలాంటి కాలేజీలు 116. ఫీజు రాష్ట్రవాసులకి యూనిట్‌కి, అంటే చదువుని కొలిచే ఒక్కో క్రెడిట్‌కి, 46 డాలర్లు. రెండేళ్లకి సరిపడే 60 యూనిట్లకి 2,760 డాలర్లు.

పిల్లల్ని కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో పెట్టి ఇంటర్ చదివించిన జాతికి ఈ అంకె చూస్తేనే అనుమానం. ఇంత చవగ్గా వచ్చేది చదువెలా అవుతుంది? అందుకే కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అనే ఊళ్లో ఏ తెలుగువాళ్ల గృహప్రవేశానికి వెళ్లినా, "బాబు ఎక్కడ చదువుతున్నాడండీ?" అంటే, "ఇక్కడే అండీ, ఇంటికి దగ్గరని" అని జవాబు వస్తుంది. కాలేజీ పేరు రాదు. "ఏం బ్రాంచి?" "కెమికల్." ఆ తర్వాత అడిగినాయన గారెల వైపు వెళ్లిపోతాడు. కంప్యూటర్స్ కానిదానికి సానుభూతి ఎలా తెలపాలో మనకింకా ఒక పద్ధతి ఏర్పడలేదు.

అసలు విషయానికి వద్దాం. ఏ కోర్సు దేనికి సమానమో చెప్పడానికి అసిస్ట్ అని ఒక అధికారిక వెబ్‌సైట్ ఉంది. ఎడమ పక్కన యూనివర్సిటీ కోర్సు, కుడి పక్కన కాలేజీ కోర్సు. కాల్‌క్యులస్ ఉంది, సరే. ఫిజిక్స్ ఉంది, సరే. జనరల్ కెమిస్ట్రీ ఉంది. ఆర్గానిక్ కూడా, కాస్త వెతికితే ఉంది. చివరికి మెటీరియల్ బ్యాలెన్స్ దగ్గరికి వస్తాం. యూసీ డేవిస్ క్యాంపస్‌లో దాని పేరు ఈసీహెచ్ 51. దాని ఎదురుగా కుడి పక్కన చాలా కాలేజీలకి ఒకే వాక్యం కనిపిస్తుంది: 'నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్.' అంటే దీనికి సమానమైన కోర్సు ఇక్కడ లేదని.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, కెమికల్ ఇంజినీరింగ్‌కి ఓనమాలు అవే. లోపలికి ఎంత వెళ్లింది, బయటికి ఎంత వచ్చింది, మధ్యలో ఎంత మిగిలింది. ఫ్లూయిడ్ మెకానిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్, మాస్ ట్రాన్స్‌ఫర్, రియాక్టర్లు, అన్నీ దీని వెనకాల క్యూ కట్టి ఉంటాయి. నేరుగా యూనివర్సిటీలో చేరినవాళ్లు దాన్ని రెండో ఏడాదిలోనే చదివేస్తారు. ట్రాన్స్‌ఫర్ విద్యార్థి మూడో ఏడాదిలో దర్జాగా దిగి, రెండో ఏడాది పిల్లల పక్కన కూర్చుని ఓనమాలు దిద్దుతాడు. క్యూ ఎంత పొడుగుందో అంతే ఉంటుంది. అందుకే చాలామందికి రెండూ రెండూ కలిపితే ఐదు వస్తుంది.

విమర్శకులకి ఇక్కడే చూపు ఆనదు. ఆ పాఠం కాలేజీలో చెప్పరన్న మాట నిజమే. కానీ విద్యార్థి చేత చేయిస్తున్నారు కదా! యూసీ వాళ్లు కింది తరగతుల యూనిట్లు 70 సెమిస్టర్ యూనిట్ల వరకే లెక్కలోకి తీసుకుంటారు. ఆపైన ఎంత చదివినా సబ్జెక్టు చదివినట్టు ఒప్పుకుంటారు గానీ యూనిట్లు ఇవ్వరు. ఐదు గణితాలు, రెండు కెమిస్ట్రీలూ వాటి ల్యాబులూ, ఫిజిక్స్, ప్రోగ్రామింగ్, ఇంగ్లిష్ కలిపితే 70 దాటడం పెద్ద కష్టమేం కాదు. మరి మిగిలినవి ఎటు పోయాయి? ద్రవ్యం నశించదని చెప్పిన లవోయిజియర్ తలని 1794లో ఫ్రెంచివాళ్లు తీసేశారు. సిద్ధాంతాన్ని తీసేసే పని అడ్మిషన్స్ ఆఫీసులు పూర్తి చేశాయి.

ఇక కాలమానం. యూసీ క్యాంపస్‌లలో బర్కిలీ, మెర్సెడ్ సెమిస్టర్లలో నడుస్తాయి. బ్యాచిలర్స్ డిగ్రీ ఇచ్చే మిగతా ఏడు క్యాంపస్‌లూ క్వార్టర్లలో, అంటే సెమిస్టర్ కన్నా చిన్న ముక్కల్లో. కమ్యూనిటీ కాలేజీలు ఎక్కువగా సెమిస్టర్లవే, డి ఆంజా లాంటి కొన్ని మాత్రం క్వార్టర్లవి. ఆర్గానిక్ మొదటి భాగం ఒక కాలేజీలో చదివి, రెండో భాగంలో సీటు దొరక్క పక్క ఊరి కాలేజీలో చదివారనుకోండి. రెండు సగాలు కలిపినా ఒకటి కాకపోవచ్చు. సిరీస్ అంతా ఒకే చోట ముగించమని పెద్దలు చెప్పేది ఇందుకే. గణితంలో భిన్నాలు ఎందుకు నేర్పుతారో పిల్లలకి అప్పుడు అర్థమవుతుంది.

గ్యారంటీ కూడా ఉంది, అన్యాయంగా మాట్లాడకూడదు. ట్యాగ్ అంటారు, ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ. ఆరు యూసీ క్యాంపస్‌లు ఇస్తాయి, అందులో ఒక్కదానికే పెట్టుకోవాలి. బర్కిలీ, లాస్ ఏంజిలస్, శాన్ డియేగో ఇవ్వవు. శాంటా బార్బరా ఇస్తుంది గానీ దాని ఇంజినీరింగ్ కాలేజీ ఇవ్వదు. బర్కిలీలో ఇంకో చిక్కు: అక్కడ కెమికల్ ఇంజినీరింగ్ ఉండేది ఇంజినీరింగ్ కాలేజీలో కాదు, కెమిస్ట్రీ కాలేజీలో. ఇంజినీరింగ్ జాబితా అంతా వెతికి, లేదనుకుని సివిల్ పెట్టినవాడు మంచి కెమికల్ ఇంజినీర్ అయ్యేవాడు కాదని నా దృఢ విశ్వాసం. పైపు ఎటు వెళ్తుందో కనిపెట్టలేనివాడికి రిఫైనరీ ఎవరు అప్పగిస్తారు?

కౌన్సెలర్ల సంగతి క్లుప్తంగా. జనరల్ ఎడ్యుకేషన్ అంతా పూర్తి చేసి వెళ్లు, హాయిగా ఉంటుందని ఒకరంటారు. అదంతా తర్వాత, ముందు గణితం, సైన్సు కానివ్వు అని ఇంజినీరింగ్ డిపార్ట్‌మెంట్ అంటుంది. ఇద్దరూ చెప్పేది నిజమే, ఇద్దరి మాటా వినాలి, వ్యవధి రెండేళ్లే. ఆ జనరల్ ఎడ్యుకేషన్ పేరేమిటో బట్టీపట్టేలోగా దాన్ని కూడా మార్చారు. 2025 ఫాల్ నుంచి ఐగెట్సీ పోయి కాల్‌గెట్సీ వచ్చింది.

మనవైపు చూడండి, డిప్లొమావాళ్లకి ఈసెట్. 200 ప్రశ్నలు, మూడు గంటలు, ర్యాంకు, కౌన్సెలింగ్, నేరుగా సెకండియర్‌లో సీటు. ఇందులో మనిషి గట్టిపడే అవకాశం ఎక్కడుంది? (ఇంజినీరింగ్ గణితంలో మొదటి పేపరు ఎం-1 వాసన చూడకుండా మూడోదైన ఎం-3లో పడ్డవాళ్ల బాధ వేరే వ్యాసం.)

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ట్రాన్స్‌ఫర్ అయినవాడికి ఇంక పాఠాలు చెప్పక్కర్లేదు. చేరిన రోజునే ఒక్క ప్రశ్న ఇచ్చి, రాస్తే పట్టా చేతిలో పెట్టాలి. ప్రశ్నపత్రం నేనే తయారు చేశాను:

'ఒక విద్యార్థి 84 యూనిట్లతో యూనివర్సిటీలోకి ప్రవేశించుచున్నాడు. ఫీజు నిరంతరంగా ప్రవహించుచున్నది. నష్టపోయిన యూనిట్లు, రీసైకిల్ అయిన కోర్సులు, బయటికి వచ్చుటకు పట్టు సంవత్సరములు కనుగొనుము. ఫ్లో డయాగ్రమ్ తప్పనిసరి. 16 మార్కులు. అవసరమైన చోట సూటబుల్ డేటా అస్యూమ్ చేసుకొనవచ్చును.'