క్రిస్మస్ చారిత్రక కథలు పాయసం గిన్నెలేనా?

ప్రతి డిసెంబరులోనూ కథలు చదివేవారి మధ్య ఒక అభిప్రాయం తిరుగుతూ ఉంటుంది. క్రిస్మస్ వేళ జరిగినట్టు రాసే చారిత్రక కథలు మంచు, కొవ్వొత్తులు, ఇల్లు చేరిన కొడుకు అనే మూడు దినుసులతో వండిన పాయసమనీ, వాటిలో చరిత్ర పైపూత మాత్రమేననీ, ఆ పాతకాలపు పండుగ కూడా ఇంగ్లిష్ నవలాకారుడు డికెన్స్ కల్పనేననీ, ఎండ దేశంలో ఉండే మనకు ఆ మంచుతో పనేమీ లేదనీ దాని సారాంశం. ఇందులో ఒక్క మాట సగం నిజం. మిగిలినవి నిలవవు.

చరిత్ర పైపూత అన్న మాటతో మొదలుపెడతాను. రష్యన్ భాషలో రాసిన నికొలాయ్ గోగోల్ 1832లో ప్రచురించిన 'క్రిస్మస్ ముందు రాత్రి' అతడు పుట్టకముందు, రష్యా మహారాణి రెండవ కేథరిన్ ఏలుబడిలో, ఉక్రెయిన్‌లోని డికాంకా పల్లెలో జరిగే కథ. పైకి చూస్తే దయ్యం చందమామను దొంగిలించే హాస్యకథే. మహారాణి తొడుక్కునే చెప్పులు తెచ్చిస్తేనే పెళ్లాడతానని ఊరి కమ్మరి వకూలతో అతడు మనసుపడిన పిల్ల అంటుంది. అతడు దయ్యం వీపెక్కి రాజధాని పీటర్స్‌బర్గ్ చేరి, రాణికి విన్నపం చేసుకోవడానికి వచ్చిన ఉక్రెయిన్ యోధులైన జాపరోజియా కొసాక్కుల గుంపులో కలిసి రాజభవనంలో అడుగుపెడతాడు. నమ్మకంగా కొలువు చేసిన జనాన్ని ఎందుకు నాశనం చేస్తున్నావని కొసాక్కులు మొరపెట్టుకుంటుంటే, పక్కనే ఉన్న రాణి ఆంతరంగికుడు పొటెంకిన్ పెదవి విప్పకుండా చిన్న కుంచెతో తన వజ్రాలను తుడుచుకుంటూ ఉంటాడు. మరి మీకేం కావాలని రాణి అడుగుతుంది. కొసాక్కులు ఒకరి ముఖం ఒకరు చూసుకునేలోగా కమ్మరి నేలమీద పడి చెప్పుల మాట ఎత్తుతాడు. రాణి నవ్వి ఇప్పిస్తుంది, ఆ తర్వాత మాటలు వేరే దారి పడతాయి. 1775లో రష్యా సేనలు కొసాక్కుల కోట అయిన సీచ్‌ను నేలమట్టం చేశాయని తెలిసిన పాఠకుడు ఈ ఘట్టం దగ్గర నవ్వుతూనే ఆగిపోతాడు, ఎందుకంటే ఒక జనసమూహం పెట్టుకున్న మొర ఒక పెళ్లికానుక కింద నలిగిపోవడం అతడు కళ్లారా చూశాడు. గోగోల్ దీని మీద ఒక్క వ్యాఖ్య కూడా చేయడు. దీన్ని పైపూత అంటే అసలు గోడ ఎక్కడుందో చెప్పాలి.

ఇదే కథ క్రిస్మస్ రాత్రి కాకుండా మామూలు రోజున జరిగితే ఇంత చిన్న నిడివిలో ఇమిడేది కాదు. ఆ రాత్రి కుర్రకారు ఇంటింటికీ తిరిగి పాటలు పాడాలి, పెద్దలు విందుకు వెళ్లాలి, తెల్లవారాక అందరూ చర్చిలో కనిపించాలి. ఎవరు ఎక్కడ ఉండాలో ముందే తెలుసు కాబట్టి, లేనివాడు వెంటనే కంటబడతాడు. సంక్రాంతికి కొత్త అల్లుడు రాని ఇంటి గురించి మన కథకుడు ఎంత తక్కువ చెప్పినా మనకు ఎంత అర్థమవుతుందో, ఇదీ అంతే. చారిత్రక కథకు ఎప్పుడూ ఉండే చిక్కు, పాఠకుడికి తెలియని కాలపు ఆచారాలను వివరిస్తూ కూర్చోవలసి రావడం. పండుగ ఆ భారాన్ని చాలావరకు మోసిపెడుతుంది. ఈ కథల ఆకర్షణకు మూలం నా దృష్టిలో ఇదే. మంచు తరువాతి సంగతి.

అన్నీ తీపి ముగింపులే అన్నవారు ఇంగ్లండులో క్రిస్మస్ రాత్రి పొయ్యి చుట్టూ చేరి దయ్యాల కథలు చెప్పుకునే అలవాటును మరచిపోయారనుకోవాలి. 1852లో డికెన్స్ నడిపిన పత్రిక క్రిస్మస్ సంచికకు ఇంగ్లిష్ రచయిత్రి ఎలిజబెత్ గాస్కెల్ ఒక ముసలి దాది చెప్పే పాత సంగతిగా రాసిన కథలో, నార్తంబర్లండ్‌లోని ఒక పాత భవనం బయట మంచులో ఒక పసిపాప తలుపు తీయమని ఏడుస్తూ ఉంటుంది. ఏనాడో తండ్రి కఠినత్వానికి, అక్కాచెల్లెళ్ల మాత్సర్యానికి బలైన పిల్ల అది. ఆనాడు జాలి చూపని యువతి ఇప్పుడు పండుముసలి. చివరికి తన పాత రూపాన్ని తానే చూసి కుప్పకూలుతుంది. ముగింపులో ఆ దయ్యాలు పసిపిల్లకు మాత్రమే కనబడితే బాగుంటుందని డికెన్స్ సూచించినా గాస్కెల్ ఒప్పుకోలేదు. పాయసంలో ఇంత చేదు ఎవరూ వేయరు.

డికెన్స్ కల్పన అన్న మూడో మాటలోనే ఆ సగం నిజం ఉంది. డికెన్స్ రాసిన పిసినారి స్క్రూజ్ కథ ('ఎ క్రిస్మస్ కెరోల్') 1843 డిసెంబరు 19న వెలువడింది. క్రిస్మస్ కార్డులు అచ్చువేసి అమ్మడం మొదలైందీ ఆ ఏడాదే. విక్టోరియా కుటుంబం క్రిస్మస్ చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ పత్రికలో వచ్చిన 1848 తరువాతే ఆ చెట్టు ఇంగ్లండులో బాగా వ్యాపించింది. కాబట్టి 1750 నాటి ఇంగ్లిష్ పల్లెలో కార్డులు పంచే కథకుడు తప్పు చేసినట్టే, అలాంటివారు తక్కువేమీ కాదు. కానీ స్క్రూజ్ కథ తన కాలపు లండన్ గురించి రాసినది, చారిత్రక కథ కాదు. దాని మీది ఆరోపణను చారిత్రక కథల నెత్తిన పెట్టడం న్యాయం కాదు. పైగా ఆ పండుగను ఇంగ్లండు పార్లమెంటు 1647లోనే నిషేధించింది. లేని పండుగను ఎవరూ నిషేధించరు కదా. అమెరికాలోని ఇంగ్లిష్ వలస అయిన మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1681 దాకా క్రిస్మస్ జరుపుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా. ఆ రోజు పని మానేసి ఇంట్లో విందు చేసుకున్న మనిషి, పక్కింటివాడు కిటికీలోంచి చూశాడేమోనని జంకడం చాలు, కథ అక్కడే పుడుతుంది.

ఇక మనకేం పని అన్న ప్రశ్న. 1914 క్రిస్మస్‌నాడు మొదటి ప్రపంచ యుద్ధపు పశ్చిమ రణరంగంలో కొన్నిచోట్ల సైనికులు తుపాకులు పక్కనపెట్టి కందకాల మధ్య కలుసుకున్న సంగతి కథల్లో అరిగిపోయిందని విసుక్కునేవారున్నారు, ఆ విసుగు నాకూ ఉంది. అయినా ఆ విరామంలో భారత సైన్యంలోని 39వ గఢ్వాల్ రైఫిల్స్ దళపు సిపాయిలు కూడా ఉన్నారన్నది మన కథల్లో కనిపించదు. బ్రిటిష్ రాజు కుమార్తె యువరాణి మేరీ పేరిట సైన్యానికి పంచిన ఇత్తడి పెట్టెల్లో బ్రిటిష్ సైనికులకు పొగాకు పెడితే, సిక్కులకు సిగరెట్లు లేకుండా పటికబెల్లం, మసాలా దినుసుల డబ్బా పెట్టారు. తక్కిన భారతీయ దళాల్లో చాలామందికి వాటితోపాటు సిగరెట్లూ ఇచ్చారు. ఎవరు ఏది ముడతారో, ఏది ముట్టరో ముందే లెక్కవేసుకుని సర్దిన పెట్టె అది. తనది కాని పండుగకు, తనది కాని యుద్ధంలో, ఆ పటికబెల్లం ముక్కను చలికి కొంకర్లు పోయిన వేళ్లతో విప్పుకున్న సిపాయి ఆ రాత్రి ఏమనుకున్నాడన్న కథ తెలుగులో రాయడానికి మంచు చూసి ఉండనక్కర్లేదు.