మత్తు పేరు చెప్పి పొరుగు దేశాల మీద పెత్తనమా?

2026 జనవరి 3న తెల్లారేసరికి వెనెజువెలా రాజధాని కారకాస్ మీద బాంబులు పడ్డాయి, ఆ దేశ ప్రెసిడెంట్ నికొలస్ మదురోనీ ఆయన భార్యనీ అమెరికా సైన్యం పట్టుకుని న్యూయార్క్ తీసుకెళ్లిపోయింది. కారణం డ్రగ్స్ కేసు అన్నారు. ఇదంతా అందరూ టీవీల్లో చూసిందే, మళ్లీ చెప్పక్కర్లేదు. మమ్మల్ని అంతకన్నా భయపెట్టింది ఆ తర్వాత వచ్చిన మాట. వారం తిరక్కుండానే ట్రంప్ ఇక కార్టెల్స్ అనే డ్రగ్స్ ముఠాల మీద నేల మీద కూడా దాడులు మొదలుపెడతామని, మెక్సికోని నడిపేది కార్టెల్సేనని అనేశారు. ఒక దేశంలో చెల్లిపోయింది కదా, పక్క దేశంలో ఎందుకు చెల్లదు అనే ధోరణి ఇది, దీనికి ఇప్పుడే అడ్డం పడకపోతే తర్వాత ఎవరి వంతో ఎవరం చెప్పలేం.

మదురో మంచివాడని మేం అనట్లేదు, 2024 ఎన్నికల ఫలితాన్ని ఎలా తారుమారు చేశారో లోకమంతా చూసింది. అమెరికా బాధ అబద్ధమని కూడా అనట్లేదు, డ్రగ్స్ ఓవర్ డోస్ తో ఒక్క ఏడాదిలోనే లక్ష మందికి పైగా చనిపోయిన దేశం అది, పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల కోపం మాకు అర్థమవుతుంది. కానీ ఆ కోపాన్ని అడ్డం పెట్టుకుని ఎవరు దొంగో, ఎవరు దొరో ఒక్క మనిషి తేల్చేస్తుంటే దాన్ని డ్రగ్స్ మీద యుద్ధం అని ఎలా అంటాం?

హోండురస్ మాజీ ప్రెసిడెంట్ హువాన్ ఓర్లాండో హెర్నాండెజ్ సంగతే చూడండి. 400 టన్నులకు పైగా కొకైన్ అమెరికా చేరడానికి సాయపడ్డాడన్న కేసులో 2024 మార్చిలో న్యూయార్క్ జ్యూరీయే ఆయన్ని దోషి అని తేల్చింది, 45 ఏళ్ల శిక్ష పడింది. విచారణ, సాక్ష్యాలు, లాయర్లు, తీర్పు అన్నీ పద్ధతిగా జరిగిన కేసది. 2025 డిసెంబర్ మొదట్లో ట్రంప్ క్షమాభిక్ష పెట్టి ఆయన్ని వదిలేశారు. నెల తిరిగేసరికి ఇంకో ప్రెసిడెంట్ ని, ఇంకా విచారణ కూడా మొదలవని మనిషిని, ఇంట్లోంచి ఎత్తుకొచ్చారు. నేరం రుజువైనవాడు ఇంటికి, రుజువు కానివాడు సంకెళ్లతో కోర్టుకి. ఇందులో డ్రగ్స్ ఎక్కడున్నాయి? తనవాడా కాదా అన్న లెక్క తప్ప మాకైతే ఇంకేం కనపడట్లేదు. పైగా మదురోని పట్టుకున్న రోజు ప్రెస్ మీట్ లోనే అమెరికా ఆయిల్ కంపెనీలు వెనెజువెలాకి వెళ్తాయని కూడా చెప్పారు, ఇక ఇందులో దాచిందేముంది.

సముద్రం మీద జరిగింది ఇంకా ఘోరం. 2025 సెప్టెంబర్ 2న కరీబియన్ లో మొదటి పడవని పేల్చినప్పుడు 11 మంది పోయారు, ఏడాది ముగిసేలోపు ఆ లెక్క 100 దాటింది. చనిపోయినవాళ్లు ఎవరు, పడవలో నిజంగా సరుకుందా, ఉంటే ఎటు పోతోంది, ఏదీ కోర్టు దాకా రాలేదు. డ్రగ్స్ లో అమెరికన్లని ఎక్కువగా చంపుతున్నది ఫెంటనిల్ అనే కృత్రిమ మత్తుమందు, అది వెనెజువెలా నించి రాదు, చైనా లాంటి చోట్ల నించి కెమికల్స్ మెక్సికో చేరితే అక్కడి ల్యాబుల్లో తయారవుతుందని అమెరికా డ్రగ్స్ అధికారుల రిపోర్టులే ఏటా చెప్తున్నాయి.

ఇది కొత్త అలవాటేం కాదు. 1989 డిసెంబర్ లో పనామా మీదికి సైన్యాన్ని పంపారు, అక్కడి పాలకుడు నోరియేగా లొంగిపోయింది 1990లో సరిగ్గా జనవరి 3నే. ఆ నోరియేగా అంతకుముందు ఏళ్ల తరబడి అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ దగ్గర డబ్బు తీసుకున్న మనిషి, పనికొచ్చినన్నాళ్లు ఆయన డ్రగ్స్ వ్యవహారం ఎవరికీ కనపడలేదు. ఆ 1990లోనే ఒక మెక్సికన్ డాక్టర్ ని డబ్బిచ్చి కిడ్నాప్ చేయించి టెక్సాస్ కి తెప్పించుకున్నారు, ఎత్తుకొచ్చినా సరే విచారణ చెయ్యొచ్చని 1992లో అమెరికా సుప్రీంకోర్టే చెప్పింది, తీరా ఆ విచారణలో సాక్ష్యం లేదని ఆయన బయటికొచ్చేశాడు. అప్పుడు గట్టిగా అడిగినవాళ్లు లేరు కాబట్టే ఇవాళ ప్రెసిడెంట్ల దాకా వచ్చింది.

మెక్సికో ఏం చెయ్యకుండా కూర్చుందా అంటే అదీ కాదు. టారిఫ్ బెదిరింపు రాగానే 2025 ఫిబ్రవరిలో మెక్సికో ప్రెసిడెంట్ షేన్‌బామ్ ప్రభుత్వం 10,000 మంది నేషనల్ గార్డ్ ని బోర్డర్ కి పంపింది, అదే నెల 29 మంది కార్టెల్ నాయకుల్ని అమెరికాకి అప్పగించింది, ఆగస్టులో ఇంకో 26 మందిని. ఇంత చేసినా అడగడం ఆగలేదు. బెదిరించి తీసుకున్నదాంతో ఎవరూ సరిపెట్టుకోరు, ఇంకా అడుగుతారు. సహకరిస్తాం గానీ చెప్పుచేతల్లో ఉండం అని ఆమె మొదట్నించీ చెప్తున్నారు, 1848లో యుద్ధం ఓడి సగం దేశాన్ని అమెరికాకి పోగొట్టుకున్న జనానికి విదేశీ సైనికుడు గడప లోపల కాలు పెట్టడమంటే ఏంటో ఎవరూ నేర్పక్కర్లేదు.

పోనీ ఇలా తలకాయల్ని ఎత్తుకుపోతే డ్రగ్స్ ఆగుతాయా? 2024 జులైలో సినలోవా కార్టెల్ పెద్ద ఎల్ మాయో సంబాదాని అతని పాత భాగస్వామి ఎల్ చాపో కొడుకే మోసంతో విమానం ఎక్కించి అమెరికాలో దించాడు, మెక్సికో ప్రభుత్వానికి ముందుగా ఒక్క మాట చెప్పలేదు. సెప్టెంబర్ కల్లా ఆ కార్టెల్ రెండు ముక్కలై మెక్సికోలోని కులియకాన్ నగరం వీధుల్లో కాల్చుకోవడం మొదలైంది, స్కూళ్లు మూసేశారు, షాపులు మూసేశారు, వెయ్యి మందికి పైగా చనిపోయారు. శవాలు మెక్సికోవి, క్రెడిట్ వాషింగ్టన్ ది. ఆ కాల్పుల్లో వాడిన తుపాకులు ఎక్కడివి? మెక్సికోలో జనానికి తుపాకులమ్మే షాపులు దేశం మొత్తానికి రెండే, రెండూ ఆర్మీవే. అక్కడ దొరికి ట్రేస్ చేసిన తుపాకుల్లో దాదాపు 70 శాతం అమెరికా నించి వచ్చినవే. దీని మీద మెక్సికో కేసేస్తే, గన్ కంపెనీలకి చట్టం రక్షణ ఇచ్చిందని 2025 జూన్ లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. మెక్సికోకి పోయే తుపాకీ మాత్రం వ్యాపారం, అమెరికాకి వచ్చే మత్తు మాత్రం టెర్రరిజం!

2006 నించి 2012 దాకా మెక్సికోలో డ్రగ్స్ యుద్ధం నడిపిన సెక్యూరిటీ మంత్రి గార్సియా లూనా కూడా అమెరికా నెత్తిన పెట్టుకున్న మనిషే. ఆయన సినలోవా కార్టెల్ దగ్గర లంచాలు తీసుకున్నాడని 2023లో న్యూయార్క్ కోర్టులోనే తేలింది. ఎవర్ని నమ్మాలో కూడా తెలుసుకోలేకపోయినవాళ్లు ఇప్పుడు ఎవరి మీద బాంబులెయ్యాలో తామే చెప్తామంటున్నారు.

మెక్సికో గొడవ మనకెందుకు అనుకునేవాళ్లు ఈ సంగతి కాస్త జాగ్రత్తగా చదవాలి. 2025 డిసెంబర్ 15న ఫెంటనిల్ నీ, దాని తయారీకి కావాల్సిన ముఖ్యమైన కెమికల్స్ నీ సామూహిక విధ్వంసక ఆయుధాలుగా లెక్కగడుతూ ట్రంప్ ఆర్డర్ ఇచ్చారు. ఈ ఆయుధాల పేరు చెప్పే 2003లో ఇరాక్ మీద పడ్డారు, వెతికితే వాళ్లు చెప్పిన నిల్వలేవీ దొరకలేదు. అలాంటి కెమికల్స్ అమ్మిందనే ఆరోపణ మీద 2025 మార్చిలో కేసు పడింది ఏ మెక్సికో కంపెనీ మీదో కాదు, మన హైదరాబాద్ కంపెనీ ఒకదాని మీద. డ్రగ్స్ తయారయ్యే, రవాణా అయ్యే దేశాలంటూ సెప్టెంబర్ లో 23 పేర్లతో అమెరికా ఇచ్చిన లిస్టులో మన దేశం ఉంది. కంపెనీ తప్పు చేసిందో లేదో కోర్టులో తేలాలి, తప్పు చేస్తే శిక్ష పడాల్సిందే, మన అధికారులు కూడా గట్టిగా తనిఖీ చెయ్యాల్సిందే. కానీ కోర్టుతో పని లేకుండా, ముద్ర వేసినవాడే శిక్ష కూడా వేస్తాడు అనే రూల్ ని వెనెజువెలాలో ఒప్పుకుంటే, మెక్సికోలో ఒప్పుకుంటే, రేపు మన దాకా వచ్చినప్పుడు ఏ నోటితో కాదంటాం?

ఢిల్లీ మాత్రం తీవ్ర ఆందోళన అంటూ ఒక ప్రకటన ఇచ్చి ఊరుకుంది, ఖండిస్తున్నాం అన్న మాట అందులో లేదు. ట్రేడ్ డీల్ చెడిపోతుందని భయమా? భయపడి మాట మింగేస్తే టారిఫ్ తగ్గుతుందని ఎవరైనా అనుకుంటుంటే షేన్‌బామ్ కి ఏం మిగిలిందో చూసి నేర్చుకోవాలి. ఇక అమెరికా చేసింది భలే ఉంది, మనమూ అలాగే చెయ్యాలి అని ఫోన్లలో చప్పట్లు కొడుతున్నవాళ్లు, ఇంట్లో నించి విచారణ లేకుండా మనిషిని ఎత్తుకుపోవడం తప్పు కాదని తమ పిల్లలకి చెప్పగలరా? ఫార్మా అంటే మాదే అని గొప్పలు చెప్పుకునే మన రెండు రాష్ట్రాల ఎంపీల్లో ఒక్కరైనా ఆ డిసెంబర్ ఆర్డర్ చదివారా? చదవకపోతే ఇప్పుడైనా చదవండి, పార్లమెంటులో లేచి విదేశాంగ మంత్రిని నిలదియ్యండి, మిమ్మల్ని పంపింది బల్లలు చరచడానికి కాదు.