చిన్నపేగు గుమ్మంలో డ్యూటీ చేసే ఎంజైము గారికి

మహారాజశ్రీ డయామిన్ ఆక్సిడేజ్ గారి సముఖానికి,

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం తమరు ఎక్కడున్నారో తెలుసుకోవచ్చా? తిండితో వచ్చి, ఎక్కువైతే దురద, ఎరుపు తెప్పించే హిస్టమిన్ అనే రసాయనాన్ని చిన్నపేగు గోడ దగ్గరే విరగ్గొట్టి రక్తంలోకి పోకుండా ఆపడం మీ ఉద్యోగం. ఆ రోజు కానాగంతల పులుసు తిని చెయ్యి కడుక్కుని అరగంట కాలేదు, చెవులు వేడెక్కాయి. తర్వాత మొహం, మెడ ఎర్రగా కందిపోయాయి. తల దిమ్ము, ఒళ్లంతా దురద. మా బావ నన్ను ఓసారి ఎగాదిగా చూసి, "నీకు చేప పడదురా, ఎలర్జీ" అని తేల్చేశాడు. విశాఖలో పుట్టినవాణ్ణి! ఈ తీరంలో పిలిచే పేరే ఆ చేప శాస్త్రీయ నామంలో 'కనగుర్త' అయి కూర్చుంది. అలాంటి ఊరివాడికి చేప పడదంటే పరువేం కాను?

తప్పు కొంత నాదే, ఒప్పుకుంటాను. శనివారం సాయంత్రం ఐసు కరిగిపోయిన బుట్టలోంచి సగం ధరకు బేరమాడి తెచ్చాను. చేప మాంసంలోని హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని బ్యాక్టీరియా అప్పటికే హిస్టమిన్‌గా మార్చేసి ఉంటుంది. అమ్మ పులుసుని బాగా మరగబెట్టింది. బ్యాక్టీరియా చచ్చింది, హిస్టమిన్ మాత్రం చెక్కుచెదరలేదు. నాలుక చురుక్కుమంటే మిరియాలు ఎక్కువయ్యాయనుకున్నాను. అమ్మ మిరియాలే వెయ్యలేదట.

సరే, సరుకు ఎక్కువగా వచ్చింది. కానీ మీ కౌంటర్ సంగతేంటి? 1930లో టొరంటోలో బెస్ట్, మెక్‌హెన్రీ అనే ఇద్దరు మీకు హిస్టమినేజ్ అని పేరు పెట్టారు. ఆ బెస్ట్ ఇన్సులిన్ కనిపెట్టినవారిలో ఒకడు. అంత పెద్దమనిషి పెట్టిన పేరు కూడా మీకు నిలబడలేదు. కుళ్లుని, శవాన్ని గుర్తుచేసే పేర్లున్న పుట్రెసిన్, కాడవెరిన్ అనే రసాయనాలను కూడా మీరే చూస్తారని తర్వాత తెలిసింది. పాడైన చేపలో ఆ ఇద్దరూ హిస్టమిన్‌తో పాటే దిగుతారు. మీరేమో ఒకే కౌంటర్ తెరిచి ముగ్గురినీ ఒకే లైన్లో నిలబెట్టారు. వాళ్ల పని చూసేలోపు హిస్టమిన్ పక్కసందులోంచి రక్తంలోకి జారుకుంది.

దానికి తోడు బావ తెచ్చిన బీరు. మందు పడితే మీరు మందగిస్తారట. తాగింది నేను, తూలింది మీరు!

మీ సహోద్యోగి హిస్టమిన్ ఎన్-మిథైల్‌ట్రాన్స్‌ఫరేజ్ గారి మీద నాకు కంప్లయింట్ లేదు. పేరు పలకాలంటే మంచినీళ్లు తాగాలి గానీ, ఆయన కణాల లోపల కూర్చుని హిస్టమిన్‌కి మిథైల్ అనే చిన్న ముక్క తగిలించి నోరు మూయిస్తాడు. మెదడులో పనంతా దాదాపు ఆయనదే. అక్కడ మీరు తొంగి కూడా చూడరు.

ఇంకో మాట అడగాలి. కడుపుతో ఉన్నవాళ్లకి మాయ (ప్లాసెంటా) నుంచి మీరు వందల రెట్లు ఎక్కువగా రక్తంలోకి వస్తారట. మా చెల్లి మూడో నెలలో ఉంది. అదే పులుసు, అదే వాయి తిని హాయిగా కునుకు తీసింది. ఇది పక్షపాతం కాదా?

చివరికి నన్ను గట్టెక్కించింది డాక్టరు రాసిచ్చిన సెట్రిజిన్. అది హిస్టమిన్‌ని విరగ్గొట్టదు, హిస్టమిన్ కూర్చోబోయే కుర్చీలో తను ముందే కూర్చుంటుంది, అంతే. ఊడ్చే పని మళ్లీ మీకే మిగిలింది. మీరు ఊడ్చే ఉంటారు, రాత్రికల్లా దురద తగ్గింది. ఆ తర్వాత డాక్టరుగారినే అడిగి, తెల్లవారుజామున పడవ దిగిన కానాగంతలే తిన్నాను. ఒక్క దద్దురు లేదు. బావకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

మీలో రాగి ఉంటుందన్న సంగతి మాత్రం అమ్మకి చెప్పలేదు. ఇప్పటికే రోజూ రాగి చెంబు పట్టుకుని వెంటపడుతోంది.

ఇట్లు,
మీ పేగు యజమాని

తా.క. బావ ఇప్పుడే ఫోన్ చేశాడు. రేపు ఎండుచేపలు తెస్తున్నాడట, బీరు కూడా. దయచేసి సెలవు పెట్టకండి.