అందరూ తగ్గించిన కిటికీ

మా ఫ్లాట్ మణికొండలో, హాలు కిటికీ పడమర వైపు. మే నెలలో మధ్యాహ్నం మూడు దాటిందంటే ఎండొచ్చి సోఫాలో కూర్చుంటుంది, ఇక మనకి చోటుండదు. కర్టెన్ వేస్తే ఫ్యాన్ గాలికి ఎగిరెగిరి టీవీకి అడ్డమొస్తోందని ఈసారి రోలర్ బ్లైండ్ (గొలుసు లాగితే రాడ్డు మీంచి కిందికి దిగే గుడ్డ తెర) పెట్టిద్దామంది మా ఆవిడ. ఎండ దూరని బ్లాకౌట్ గుడ్డతో, కిటికీ గూట్లో లోపలికి సరిగ్గా కూర్చునేలా కొలతకి చేయించాలి. కొలతలకి మనిషిని పంపితే మూడొందలన్నాడు షాపతను. టేపు పట్టుకోడానికి మూడొందలా, మరి నేను మెకానికల్ ఇంజనీరింగ్ ఎందుకు చదివినట్టు అని నేనే దిగా (ఉద్యోగం సాఫ్ట్‌వేర్ లేండి, అది వేరే కథ).

స్టీలు టేపు కనపడలేదు. అంటే ఉంది, ఎక్కడుందో ఎవరికీ తెలీదు. దాంతో అమ్మ కుట్టుమిషన్ సొరుగులోంచి పసుప్పచ్చ టేపు తీశా. ఆ టేపుకో చరిత్రుంది. మా చెల్లి చిన్నప్పుడు కత్తెర పదునుందో లేదో చూద్దామని దాని మొదటి అంగుళం కత్తిరించేసింది, అప్పట్నుంచి అది ఒకటి నుంచే మొదలవుతుంది, వచ్చినదాంట్లో ఒకటి తీసేసుకోవాలి. ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో జాకెట్లన్నీ ఈ లెక్క మీదే కుట్టారు, ఏదీ బిగుతవలేదు.

వెడల్పు ఒక్కచోట కొలిస్తే చాలదట, పైన, మధ్యలో, కింద మూడుచోట్లా కొలిచి తక్కువొచ్చింది తీసుకోవాలట, ఎందుకంటే గోడలు నిటారుగా ఉండవు. మావి అస్సలుండవు. పైన 48 పావు, మధ్యలో 48న్నర, కింద 48. తక్కువది 48, టేపు అంగుళం తీసేస్తే 47. కరెంటు బిల్లు వెనకాల 47 అని రాసి, కింద రెండు గీతలు కూడా గీసి ఫ్రిజ్ మీద పెట్టా.

ఆర్డర్ పెట్టింది మా ఆవిడ. ఈయనకి టేపు సంగతి గుర్తుండి ఉండదులే అనుకుని ఒక అంగుళం తీసేసింది, 46. పక్కనే మెంతికూర వలుస్తున్న అమ్మ "మరీ బిగుతుగా ఉంటే ఇరుక్కుంటుందే, అరంగుళం లూజు పెట్టు" అంది. అత్తయ్య మాట కాదనలేక 45న్నర. గూట్లో లోపల బిగించేదైతే అర అంగుళం తగ్గించి చెయ్యడం షాపువాళ్ల పద్ధతి, 45 చేశారు. పైగా ఆ రాడ్డుకి రెండు చివర్లా క్లిప్పులుంటాయి కదా, వాటికి పోగా అసలు గుడ్డ 44. ఎవరికి వాళ్లు ముందుజాగ్రత్తే చేశారు పాపం.

బిగింపు కూడా నేనే. పక్క ఫ్లాట్ వాళ్ల డ్రిల్లు తెచ్చి, స్టూలెక్కి, గూడు పైభాగంలో కన్నం పెట్టబోతే పావుగంటైనా గోరంత గుంట పడలేదు, అది లింటెల్, మొత్తం కాంక్రీటు. బిట్టు కాలిపోయి వాసనొస్తోంది, తల మీద సిమెంటు పొడి పడి నాకు ఒకేసారి అరవై ఏళ్లొచ్చేశాయి. చప్పుడుకి కింద ఫ్లాట్ అంకుల్ పైకొచ్చారు, తిడతారనుకున్నా. ఆయన డ్రిల్లు చేతిలోకి తీసుకుని, పక్కనున్న బుల్లి మీట చూపించి, "బాబూ, ఇక్కడ సుత్తి బొమ్మ ఉంది చూడు, దీనివైపు తిప్పాలి" అని తిప్పి ఇచ్చి వెళ్లిపోయారు. తర్వాత ఒక్కో కన్నానికి ఇరవై సెకన్లు. మెకానికల్ అని ఆయనకి చెప్పలేదు.

బ్లైండ్ ఎక్కించి, గొలుసు లాగి కిందికి దించితే హాలు చీకటైంది, రెండు పక్కలా ఒకటిన్నర అంగుళం చొప్పున తప్ప. ఆ రెండు సందుల్లోంచీ ఎండ రెండు కత్తుల్లా నేల మీద పడింది. ముగ్గురం కరెంటు బిల్లు ముందేసుకుని కూర్చున్నాం, "నేనొక్కటే తీశా", "నేనూ ఒక్కటే", "నేను అరంగుళమే కదరా" అని. షాపుకి ఫోన్ చేస్తే, కొలతకి చేసింది వాపసుండదు సార్ అన్నాడు, అందులో అతని తప్పేం లేదు.

కార్పెంటర్‌ని పిలిచి రెండు పక్కలా చెక్క పట్టీలు కొట్టిద్దామంటే ఇప్పుడు నాన్న ఒప్పుకోవట్లేదు. ఆ గీత మూడున్నరకి నాలుగో టైలు మీదుంటుందట, నాలుగుకి ఐదో టైలు ఎక్కుతుందట. రోజూ సోఫాలోంచి నేలకేసి చూసి "ఐదోదెక్కింది, టీ పెట్టండమ్మా" అంటారు. గోడ గడియారంలో సెల్లు అయిపోయి రెండు వారాలైంది, దాన్నెవరూ మార్చలేదు.