అల్జీరియా గ్యారట్లు: పదిహేనేళ్లకే తుక్కు ఎందుకయ్యాయి?

ఫ్రెంచ్ పాలనలోని అల్జీరియాలో నడిచిన గ్యారట్ ఆవిరి ఇంజన్ల మాట వస్తే రైల్వే చరిత్రకారులు ముందుగా ఒక అంకె చెబుతారు. గంటకు 132 కిలోమీటర్లు. పరీక్షల్లో ఆ వేగాన్ని అందుకున్న మాట నిజం. అయితే ఆ పరుగు సాగింది అల్జీరియా పట్టాల మీద కాదు, ఫ్రాన్స్‌లోని కలే–పారిస్ మార్గంలో. 1936 నుంచి 1941 వరకు దాదాపు ముప్పై ఇంజన్లు తయారయ్యాయి. 1951 నాటికి ఒక్కటి కూడా పనిలో లేదు. మామూలు ఆవిరి ఇంజను నలభై ఏళ్లు తేలిగ్గా పనిచేస్తుంది. ఆ రోజుల్లో అంత పేరు మోసిన యంత్రాలు పదిహేనేళ్లకే ఎందుకు మూలపడ్డాయన్నది నా దృష్టిలో వేగం కన్నా పెద్ద ప్రశ్న.

హెర్బర్ట్ విలియం గ్యారట్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1907లో పేటెంటు పొందిన నమూనా ఇది. మధ్యలో బాయిలర్, దానికి ముందొకటి, వెనకొకటి చక్రాల బండ్లు. నీళ్లు, బొగ్గు ఆ బండ్ల మీదే ఉంటాయి. మలుపు వచ్చినప్పుడు రెండు బండ్లూ విడివిడిగా తిరుగుతాయి. బాయిలర్ కింద చక్రాలు అడ్డం రావు కాబట్టి నిప్పుగూటిని ఎంత వెడల్పుగా, ఎంత లోతుగా కావాలన్నా కట్టుకోవచ్చు. బరువు ఎన్నో ఇరుసుల మీద పరుచుకుంటుంది కనుక బలహీనమైన పట్టాల మీదా భారీ ఇంజనును నడపవచ్చు. ఆఫ్రికాలో గ్యారట్లను ఎక్కువగా సరుకు బండ్లకు వాడారు. అల్జీరియాలో మాత్రం వాటికి ఎక్స్‌ప్రెస్ పని అప్పగించారు. అల్జీర్స్ నుంచి పశ్చిమాన షెలిఫ్ లోయ మీదుగా ఒరాన్‌కు 420 కిలోమీటర్ల పైచిలుకు. తూర్పున కాన్‌స్టంటీన్‌కు అంతకన్నా ఎక్కువ దూరం, పైగా సముద్రమట్టం నుంచి వెయ్యి మీటర్లకు పైనున్న సెతీఫ్ పీఠభూమికి ఎక్కాలి. ఇలాంటి దారిలో ఎక్కుడుకు బలం, మైదానంలో వేగం రెండూ ఒకే ఇంజనులో కావాలన్నారు. 1932లో ఒక నమూనా ఇంజను వచ్చింది. ఆ తర్వాత ఉత్తర ఫ్రాన్స్‌లోని రైమ్ ఊళ్లో ఫ్రాంకో–బెల్జ్ కంపెనీ అసలు వరసను తయారుచేసింది. చక్రాల వ్యాసం 1.80 మీటర్లు, బరువు 200 టన్నుల పైమాటే. గాలిని కోసుకుపోయేలా పైన నున్నటి తొడుగు. డ్రైవరు గదిలో రెండు దిక్కులకూ సరిపడా మీటలు ఉండేవి కాబట్టి చివరి స్టేషనులో ఇంజనును తిప్పే పనే లేదు.

వీటి కీలకం సిలిండర్ల దగ్గర ఉంది. ఆవిరిని సిలిండరులోకి వదిలి బయటికి పంపే కవాటాలను నడిపేందుకు ప్రపంచంలో ఎక్కువ ఇంజన్లకు వాల్షార్ట్స్ అమరిక ఉండేది. కడ్డీలు, కీళ్లు అన్నీ చక్రాల పక్కనే బయటికి కనిపిస్తాయి. ఫిట్టరు సుత్తితో తట్టి, చేత్తో ఊపి చూసి, ఎక్కడ వదులైందో చెప్పేస్తాడు. అల్జీరియా గ్యారట్లకు ఫ్రాన్స్ ఉత్తర రైల్వే ఇంజనీరు కొస్సార్ రూపొందించిన అమరిక పెట్టారు. ఇందులో కవాటాలను క్యాములు కదిలిస్తాయి. ఆవిరి పొదుపు, వేగంలో పరుగు సాఫీగా సాగడం ఇక్కడి లాభాలు. అయితే అరుగుదల పైకి కనిపించదు. విప్పాలి, కొలవాలి, కొలతకు తగ్గట్టు బిగించాలి. పదును పెట్టిన సాధనాలు, స్వచ్ఛమైన నూనె, అన్నింటికీ మించి ఆ పని ఏళ్ల తరబడి చేసి చేయి తిరిగిన మనుషులు ఉండాలి.

ఎక్కువమంది రాసిన దాన్ని బట్టి కొస్సార్ అమరిక మరీ చిక్కుగా ఉండటం, యుద్ధకాలంలో నిర్వహణ దెబ్బతినడం, ఈ రెండూ గ్యారట్లను చంపాయి. ఈ వివరణ నాకు సగమే నమ్మకం కలిగిస్తుంది. అదే కొస్సార్ అమరికతో ఫ్రాన్స్ ఉత్తర రైల్వే పారిస్ శివారు బండ్ల కోసం 1930లలో 72 ట్యాంకు ఇంజన్లు (నీళ్లు, బొగ్గు తమ మీదే మోసుకునేవి) చేయించుకుంది. అవి గార్ ద్యు నోర్ స్టేషను నుంచి రోజూ ఉద్యోగులను మోసుకుంటూ, స్టేషను స్టేషనుకూ ఆగుతూ కదులుతూ 1970 దాకా నడిచాయి. వాటికి యుద్ధం తగలలేదా? 1944 ఏప్రిల్‌లో ఆ స్టేషనుకు ఆనుకుని ఉన్న లా షపెల్ యార్డుల మీద మిత్రపక్షాల బాంబులు కురిశాయి. అయినా ఇంజన్లు మళ్లీ పట్టాలెక్కాయి. అమరిక చిక్కే కారణమైతే పారిస్‌లోనూ చిక్కే. యుద్ధమే కారణమైతే పారిస్‌లో యుద్ధం తక్కువేమీ కాదు.

తేడా లేదని అనను. పారిస్‌కు బొగ్గు, విడిభాగాలు పక్కనే దొరుకుతాయి. అల్జీరియాకు బొగ్గు ప్రధానంగా సముద్రం దాటి రావాలి. 1940లో జర్మనీ ఆక్రమణ తర్వాత రైమ్ నుంచి విడిభాగాలు రావడం కష్టమైంది. 1942 నవంబరులో అమెరికా, బ్రిటన్ సేనలు అల్జీరియాలో దిగాక ఒరాన్ నుంచి ట్యునీషియా సరిహద్దు దాకా ఉన్న ఆ ఒక్క ప్రధాన మార్గం సైన్యానికి ప్రాణనాడి అయింది. ఇంజన్లకు విశ్రాంతి లేదు. అమెరికన్లు తమ వెంట తెచ్చుకున్న ఎస్160 ఇంజన్లలో సోకు ఏమీ లేదు. రెండు సిలిండర్లు, బయటికి కనిపించే వాల్షార్ట్స్ కడ్డీలు, ఎవరైనా ఎక్కడైనా బాగుచేసుకోగల కట్టుదల. అదే నమూనాను బ్రాడ్‌గేజ్‌కు మార్చి భారతదేశానికీ పంపారు. మన రైల్వేలో వాటి పేరు ఏడబ్ల్యూసీ తరగతి.

ఇన్ని చెప్పుకున్నా యుద్ధం 1945లో ముగిసింది. విడిభాగాలు మళ్లీ వచ్చే వీలుంది. ఆరేళ్లలో గ్యారట్లను నిలబెట్టుకోలేక అమెరికా నుంచి బాల్డ్విన్ డీజిల్ ఇంజన్లు తెప్పించుకున్నారు. ఇక్కడే నాకు వలస రైల్వే స్వభావం కనిపిస్తుంది. ఆ దేశ జనాభా 1930లలో సుమారు 70 లక్షలు, యూరోపియన్లు పది లక్షల లోపు. అయినా డ్రైవరు గదిలో, వర్క్‌షాపు కొలతల బల్ల దగ్గర, ఇంజనీర్ల కార్యాలయంలో ఉన్నవారు అధికంగా ఆ పది లక్షల లోపువారే. అల్జీరియన్ ముస్లింలకు దక్కినవి ఎక్కువగా కట్ట మీద గ్యాంగు పని, బొగ్గు ఎత్తడం, ఇంజన్లు కడగడం. ఫ్రెంచ్ దండయాత్రకు 1930లో ప్రభుత్వం నూరేళ్ల పండుగ చేసుకుంది, రెండేళ్లు తిరగకుండా రైల్వే గ్యారట్ నమూనాను రప్పించింది. దాన్ని బాగుచేయడం నేర్చుకునే అవకాశాన్ని స్థానిక జనంలో అధికసంఖ్యాకుల దాకా తీసుకువెళ్లలేదు. అది వేళ్లు కోసేసిన చెట్టుకు నీళ్లు పోయడమే. కొద్దిమంది నిపుణుల మీద ఆధారపడ్డ షెడ్డు మామూలు రోజుల్లో బాగానే నడుస్తుంది, ఒత్తిడి వచ్చినప్పుడు వారి స్థానంలోకి రావడానికి రెండో వరస ఉండదు.

మన దగ్గర పరిస్థితి మెరుగని చెప్పుకోవడం నా ఉద్దేశం కాదు. రైల్వే పెట్టుబడిదారుల వడ్డీకి సర్కారు హామీ ఇచ్చే పద్ధతి అక్కడా ఉండేది, ఇక్కడా ఉండేది; నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే పేరులోనే ఆ హామీ ఉంది. మెయిలు బండ్ల డ్రైవర్లుగా ఇక్కడా యూరోపియన్లు, ఆంగ్లో ఇండియన్లే ఉండేవారు. అయినా ఒక తేడాను కాదనలేం. వాల్తేరు దాకా పట్టాలున్న బెంగాల్ నాగపూర్ రైల్వే కూడా 1920ల చివరలో భారీ గ్యారట్లను తెప్పించుకుంది. స్వాతంత్ర్యం తర్వాత కూడా అవి ఏళ్ల తరబడి బొగ్గు, ఖనిజం లాగాయి. ఒకటి ఢిల్లీ జాతీయ రైలు మ్యూజియంలో ఉంది. ఆ రైల్వేకు కేంద్రమైన ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో వేలాది భారతీయులు పనిచేసేవారు, వారిలో తెలుగువారు చాలామంది. ఉద్యోగాల కోతకు ఎదురుగా 1927లో వారు సమ్మె కట్టారు, వి.వి. గిరి వారి నాయకుల్లో ఒకరు. పనివాళ్లు అక్కడ ఒక శక్తి. తెల్ల ఫోర్‌మన్ వెళ్లిపోయిన రోజున సుత్తి, కొలబద్ద పట్టుకునేవారు ఆ షాపులోనే ఉన్నారు.

అల్జీరియాలో ఆ పరీక్ష 1962లో వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదిలోనే యూరోపియన్లలో అత్యధికులు ఫ్రాన్స్ చేరారు. డ్రైవర్లు, ఫిట్టర్లు, స్టేషను మాస్టర్లు వారితో పాటే వెళ్లిపోయారు. వారు ఖాళీ చేసిన కుర్చీల్లో కూర్చున్న అల్జీరియన్లు ఆ పనిని చాలావరకు అప్పటికప్పుడు నేర్చుకుంటూ బండ్లు నడపాల్సి వచ్చింది. చివరి గ్యారట్ ఆగిపోయి అప్పటికి పదకొండేళ్లు. ఏ లోటు ఆ ఇంజన్లను మూలన పడేసిందో, దాన్ని పూడ్చేంత శిక్షణ ఆ పదకొండేళ్లలోనూ జరగలేదు.